లడాయికి పోయి తిరిగిరాని ముత్తాత: ఆచూకీ పట్టడం ఎలా

"మా ముత్తాత బస్రా లడాయిల చచ్చిపోయిండట." నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కొన్ని ఇళ్లలో ఇంతకుమించి ఏమీ మిగల్లేదు. ఫొటో లేదు, సమాధి లేదు, ఏ సంవత్సరమో తెలియదు. ఇంత తక్కువతో మొదలుపెట్టినా చాలాదూరం వెళ్లవచ్చు. అయితే వరస తప్పకూడదు. ఎక్కువమంది ఫోన్ తెరిచి ఇంటిపేరుతో సహా తాత పేరు కొట్టి, ఏమీ రాకపోయేసరికి వదిలేస్తారు. సైన్యం కాగితాల్లో మనవాళ్ల పేరు అన్నింటికన్నా బలహీనమైన ఆధారం. ముందు ఆయన ఏ దళంలో ఉన్నాడో, సుమారుగా ఎప్పుడు పోయాడో పట్టుకోవాలి. పేరు ఆ తర్వాతి సంగతి.

ఇంట్లో అడగాల్సినవి

ఇంట్లో, కులంలో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసుకోండి. మీకు తెలిసిన చరిత్రకు తగ్గట్టు సరిదిద్దకండి. "బస్రా", "బగ్దాద్" అంటే మొదటి ప్రపంచయుద్ధంలోని మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్) కావడానికే అవకాశం ఎక్కువ. కానీ 1941లో కూడా భారత సైన్యం ఇరాక్‌లో దిగింది, అది మరవకండి. "మిసర్" అంటే ఈజిప్టు. "సింగపూర్", "మలయా" అంటే దాదాపుగా రెండో యుద్ధమే. "రంగం పోయిండు" అన్నప్పుడు మాత్రం జాగ్రత్త. రంగూన్‌కు కూలికి పోయినవాళ్లు సిపాయిలకన్నా ఎక్కువ. జీతం ఎవరు పంపారు, తారు (టెలిగ్రాం) వచ్చిందా, పింఛను వచ్చిందా అని అడిగితే సిపాయో కూలీయో తేలుతుంది.

పింఛను సంగతి గుచ్చి అడగండి. అది "కల్దార్" రూపాయల్లో వచ్చిందని ముసలివాళ్లు చెబితే ఆయన ఇంగ్లీషువాళ్ల సైన్యంలో ఉన్నాడనడానికి గట్టి సూచన. "హాలీ సిక్కా"లో వచ్చిందంటే నిజాం సైన్యం వైపు చూడాలి. 6 కల్దార్లకు సుమారు 7 హాలీ రూపాయలు వచ్చేవి కాబట్టి ఆ తేడా ఇళ్లలో బాగా గుర్తుండిపోయింది.

సంవత్సరం అడిగితే ఎవరూ చెప్పలేరు. గుర్తులు పెట్టి అడగండి: 1908 మూసీ తుగ్యానీ (వరద) నాటికి ఆయన పుట్టాడా? 1918 ఇన్‌ఫ్లుయెంజా జ్వరాలకు ముందే పోయాడా? రజాకార్ల కాలానికి ఆయన భార్య ముండమోసి ఎన్నేళ్లయింది? ఆఖరి బిడ్డ వయసెంత? ఈ నాలుగు జవాబులతో ఐదారేళ్ల తేడాలో కాలం దొరుకుతుంది. పాత కాగితంపై ఫసలీ సంవత్సరం (నిజాం సర్కారు లెక్కల ఏడాది) ఉంటే దానికి 590 కలపండి. ఫసలీ ఏడాది అక్టోబరు ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి మొదలయ్యే నెలలకు 591 కలపాలి. ఉదాహరణకు 1325 ఫసలీ అంటే 1915 అక్టోబరు నుంచి 1916 అక్టోబరు దాకా.

తద్దినం తిథిని చచ్చిపోయిన తేదీగా తీసుకోకండి. సముద్రం అవతల పోయినవాళ్ల కబురు నెలలు ఆలస్యంగా వచ్చేది. కబురు అందిన రోజునే తిథిగా పెట్టుకున్న ఇళ్లు ఉండవచ్చు. ఊళ్లో పోలీసు పటేలు రాసిన చావుల లెక్కలో కూడా ఆయన పేరు ఉండదు. చావు ఊళ్లో జరగలేదు కదా.

పెట్టె అడుగున పతకం ఉంటే

ముందు ఒక్క మాట: చింతపండు, ముగ్గుపిండి, బ్రాసో ఏదీ పెట్టి తోమకండి. మీకు కావాల్సింది పతకం ముఖం కాదు, దాని అంచు. మొదటి యుద్ధపు గుండ్రటి పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం సన్నటి అక్షరాల్లో కొట్టి ఉంటాయి. నక్షత్రం ఆకారపు పతకమైతే అవి వెనకవైపు ఉంటాయి. ఇప్పటికే సగం అరిగిన ఆ గీతలు ఒక్కసారి గట్టిగా తోమితే పూర్తిగా పోతాయి. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము మాత్రం తుడవండి. చీకటి గదిలో టార్చిని అంచుకు పక్కనుంచి, బాగా వాలుగా పట్టండి. గీతల్లో నీడ పడి అక్షరాలు లేస్తాయి. పతకాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఆరేడు ఫొటోలు తీసుకోండి.

పొట్టి అక్షరాలను ఇలా చదవాలి. ఎస్-ఈ-పీ అంటే సిపాయి. ఎస్-డబ్ల్యూ-ఆర్ అంటే సవారు, గుర్రపుదళం వాడు. ఎస్-పీ-ఆర్ అంటే శాపర్, వంతెనలు, కందకాలు కట్టే దళం. డీ-వీ-ఆర్ అంటే డ్రైవర్, మొదటి యుద్ధంలో కంచరగాడిదలనో బండ్లనో తోలినవాడు. భిస్తీ, వంటమనిషి, స్వీపర్, డోలీ మోసే బేరర్ అని కూడా ఉండవచ్చు. వీళ్లందరినీ సైన్యం "ఫాలోయర్లు" అని విడిగా లెక్కపెట్టింది. గుర్రంమీద మనిషి బొమ్మ ఉన్న బ్రిటిష్ వార్ మెడల్ సిపాయిలకు వెండిది, కూలి దళాల వాళ్లకు ఎక్కువగా కంచుది ఇచ్చారు. కాబట్టి మీ చేతిలోది కంచుదైతే పోరాట దళాలకన్నా కూలి, రవాణా దళాల వైపు ముందు వెతకండి.

సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పున, సింహం, స్త్రీ బొమ్మలున్న గుండ్రటి కంచు ఫలకం దొరికితే అది మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్ల ఇంటికి మాత్రమే పంపింది. దానిమీద పేరు ఉంటుంది, హోదా గానీ దళం గానీ ఉండవు.

మొదటి యుద్ధకాలపు నంబరు గురించి ఒక జాగ్రత్త. ఆ నంబర్లు దళానికొక వరసలో ఇచ్చినవి. 1472 నంబరు పది దళాల్లో పదిమందికి ఉండవచ్చు. నంబరు, దళం రెండూ కలిస్తేనే మనిషి.

ఏ సైన్యం?

నల్లగొండ, మహబూబ్‌నగర్ నిజాం రాజ్యంలో ఉన్నా, ఇక్కడివాళ్లు పోగలిగిన సైన్యాలు రెండు. ఒకటి నిజాం సొంత దళాలు. వాటిలో ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు (గుర్రపుదళం) మొదటి యుద్ధంలో సూయజ్ కాలువ, సినాయ్, పాలస్తీనాల్లో ఉన్నారు. రెండో యుద్ధంలో 1వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోటా భారు విమానాశ్రయం దగ్గర జపాన్ దాడిని ఎదుర్కొంది. రెండోది బ్రిటిష్ ఇండియా సైన్యం. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం కంటోన్మెంట్లు పక్కనే ఉండేవి. కృష్ణ దాటి మద్రాసు రాజధానిలో చేరినవాళ్లూ ఉండవచ్చు.

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. "19వ హైదరాబాద్ రెజిమెంట్" అన్న పేరు చూసి మనవాళ్ల దళమే అనుకుంటారు. అది పాత హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం ఖర్చుతో ఇంగ్లీషువాళ్లు నడిపిన సైన్యం) పదాతి దళాలనుంచి వచ్చిన పేరే కానీ, రెండో యుద్ధం నాటికి అందులో కుమావోనీలు, జాట్లు, అహీర్లే ఎక్కువ. 1945లో దాని పేరే కుమావ్ రెజిమెంట్ అయింది. నిజాం సొంత "హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ" వేరు, ఇది వేరు. ఇద్దరూ మలయాలోనే పోరాడారు కాబట్టి ఇంకా కలిసిపోతాయి. డెక్కన్ హార్స్ పేరుతోనూ ఇదే చిక్కు, అందులోనూ ఉత్తరాది సిక్కులు, జాట్లు ఉన్నారు.

దక్షిణాదివాళ్లు "యుద్ధ జాతులు" కారన్న ఇంగ్లీషువాళ్ల నమ్మకంతో 19వ శతాబ్దం చివర మద్రాసు సైన్యాన్ని బాగా తగ్గించారు. అందుకని తెలుగువాళ్లను వెతికేటప్పుడు తుపాకీ దళాల దగ్గరే ఆగిపోకండి. మద్రాస్ శాపర్లు, పయనీర్లు, రవాణా దళం, ఆసుపత్రి దళం, బేరర్ దళం చూడండి. రెండో యుద్ధానికైతే ఇండియన్ ఇంజనీర్స్, రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, ఇండియన్ పయనీర్ కోర్ ముందు చూడండి. "మిల్ట్రీల ఉండె" అని ఇంట్లో చెప్పుకున్న మనిషి కాగితంలో భిస్తీగా కనిపిస్తే చిన్నబుచ్చుకోవద్దు. మెసపొటేమియాలో కుత్ ముట్టడిలో నీళ్లు మోసినవాడు కూడా అదే గుండ్ల కింద మోశాడు.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ జాబితాలో వెతకడం

ఇదే అసలు చోటు: యుద్ధాల్లో పోయినవాళ్ల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్. ఖర్చులేదు. 1917లో పెట్టిన ఈ కమిషన్ జాబితా మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా పోయినవాళ్లది. అంతకు ముందరి బర్మా, చైనా దండయాత్రలవాళ్లు ఇందులో ఉండరు.

మొదటి వెతుకులాటలో పేరు గడిని ఖాళీగా వదలండి. ఎవరితో పనిచేశారన్న గడిలో ఇండియన్ దళాలు ఎంచుకుని, అదనపు సమాచారం గడిలో జిల్లా పేరో తాలూకా పేరో కొట్టండి. రెండో యుద్ధంవాళ్లకు చాలాచోట్ల "ఫలానావాడి కొడుకు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా" అని రాసి ఉంటుంది. మొదటి యుద్ధంవాళ్లకు అది ఉంటే అదృష్టం.

జిల్లా పేరు ఆనాటిదే కొట్టాలి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాలు 2016లో వచ్చినవి, నారాయణపేట 2019లో. పాత కాగితంలో అవి జిల్లాలుగా కనిపించవు. గద్వాల, అలంపూర్ 1956 దాకా రాయచూరు జిల్లాలో, కొడంగల్ గుల్బర్గా జిల్లాలో ఉండేవి. గద్వాల సిపాయిని మహబూబ్‌నగర్ అని వెతికితే ఎన్నటికీ దొరకడు. జనగామ ఆ రోజుల్లో నల్లగొండ జిల్లా. నల్లగొండను ఎన్-యూ-ఎల్ తోనూ, మహబూబ్‌నగర్‌ను మధ్యలో రెండు 'ఓ'లతోనూ కొట్టి చూడండి. "హైదరాబాద్" అని మాత్రమే ఉంటే అది సింధ్ హైదరాబాద్ కావచ్చు. తండ్రి పేరు, దళం చూసి తేల్చుకోండి.

ఇప్పుడు పేరు. ఇంటిపేరు దాదాపుగా ఉండదు, వదిలేయండి. మీ ముత్తాత మల్లయ్య అనుకుందాం. ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించింది రాశాడు: ఎం తర్వాత ఏ ఉండవచ్చు, యూ ఉండవచ్చు. చివర ఐ-ఏ-హెచ్, ఐ-ఏ, వై-వై-ఏ, ఏ-వై-ఏ ఏదైనా కావచ్చు. అందుకని మొదటి మూడు అక్షరాలతోనే వెతికి, వచ్చినవన్నీ కంటితో చూడండి. ఎల్లయ్యను వై తోనూ ఈ తోనూ, వెంకటయ్యను కె తోనూ సి తోనూ చూడాలి. స్వామి "సామి" అవుతుంది. రెండు ముక్కలుగా విరిచిన పేర్లలో చివరి ముక్కను ఇంటిపేరు గడిలో పెడతారు కాబట్టి వెంకటస్వామిని "స్వామి" కింద కూడా వెతకండి. నర్సింహులు, నర్సయ్య, నర్సిగాడు ఒకే మనిషి కావచ్చు. చేరేటప్పుడు చెప్పిన పేరు, ఊళ్లో పిలిచిన పేరు ఒకటే కానక్కర్లేదు.

దొరికిన పేరును నమ్మేముందు ఆ పేజీ కిందనున్న స్కాన్ కాగితాలు తెరవండి. టైపు చేసిన జాబితాలో నంబరో దళమో తప్పు పడి ఉండవచ్చు, పాత రిజిస్టరులో సరిగ్గా ఉండవచ్చు. దళం, కాలం, తండ్రి లేదా భార్య పేరు, ఊరు అనే నాలుగింటిలో మూడు కలిస్తే మీ మనిషే అనుకోవచ్చు. పేరు ఒక్కటి కలిసినంత మాత్రాన కాదు.

ఆయన పేరు ఎక్కడ ఉంది, ఎందుకు అక్కడ

హిందూ సిపాయిలను వీలైనచోట దహనం చేశారు, అందుకే సమాధి ఉండదు, స్మారకం మీద పేరు ఉంటుంది. ముస్లిం సిపాయిలకు సమాధి ఉండే అవకాశం ఎక్కువ. ఫ్రాన్స్‌లో పోయినవాళ్లకు న్యూవ్ షాపెల్ స్మారకం, 4,700 పైచిలుకు పేర్లు. సింగపూర్, మలయావాళ్లకు క్రాంజీలోని సింగపూర్ స్మారకం. బర్మావాళ్లకు టౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం, అందులో దాదాపు 27,000 పేర్లు. ఈజిప్టు, పాలస్తీనావాళ్లది మొదట సూయజ్ దగ్గర పోర్ట్ ట్యూఫిక్‌లో ఉండేది. 1967-73 పోరాటాల్లో అది దెబ్బతింటే 1980లో కైరో హీలియోపోలిస్‌లో కొత్తది పెట్టారు. ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. అయితే హైదరాబాద్ లాన్సరు ఎవరు చనిపోయినా హైఫాలోనే పోయాడని రాసుకోకండి. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణంలోకి దూసుకెళ్లింది జోధ్‌పూర్, మైసూరు రౌతులు.

బస్రా స్మారకం సంగతి బాధాకరం. 40,000 మందికి పైగా గుర్తుగా కట్టారు. గోడమీద ఇంగ్లీషు సిపాయిల పేర్లున్నాయి, భారతీయుల్లో అధికారుల పేర్లు మాత్రమే చెక్కారు. మిగతావాళ్లు దళం పేరు కింద ఇంతమంది అన్న అంకె. వాళ్ల పేర్లు రిజిస్టరు పుస్తకంలో ఉన్నాయి, ఆన్‌లైన్ జాబితాలో వెతికితే వస్తాయి. ఎవరైనా ఫొటో తీసి పంపినా ఆ గోడమీద మీ తాత పేరు కనబడదని ముందే తెలుసుకోండి. 1997లో ఆ స్మారకాన్ని బస్రా రేవునుంచి నాసిరియా దారిలోకి తరలించారు.

రికార్డు ఆఫీసుకు రాయడం

దళం తేలాక ఉత్తరం. మద్రాస్ శాపర్లకు బెంగళూరులోని ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్) రికార్డ్స్, సర్వీస్ కోర్‌కూ పయనీర్ కోర్‌కూ బెంగళూరులోనే వాటి వాటి రికార్డు ఆఫీసులు. మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, 19వ హైదరాబాద్‌కు కుమావ్ రికార్డ్స్, రాణీఖేత్. డెక్కన్ హార్స్‌కు అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్)లోని ఆర్మర్డ్ కోర్ రికార్డ్స్, వైద్య దళానికి లక్నో. పాత మద్రాసు పదాతి దళాలు 1920ల్లో రద్దయి, రెజిమెంట్ 1941-42లో మళ్లీ లేచింది. అందుకని మొదటి యుద్ధపు మద్రాసు పదాతి సిపాయి గురించి వెల్లింగ్టన్‌పై ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

"మా తాత వివరాలు ఇవ్వండి" అని రాస్తే "పాత పత్రాలు గడువు తీరి ధ్వంసం చేశాం" అన్న జవాబు రావచ్చు. అది షీట్ రోల్ (ఒక్కో సిపాయి సర్వీసు కాగితం) గురించి నిజమే. కానీ లాంగ్ రోల్ అనే రిజిస్టరును శాశ్వతంగా ఉంచుతారు. అందుకని ఆ మాటే వాడి ఇలా రాయండి:

"నంబరు ఫలానా, హోదా ఫలానా, పేరు ఫలానా, దళం ఫలానా, చనిపోయిన తేదీ సుమారు ఫలానా. ఈయన లాంగ్ రోల్‌లోని నమోదు నకలు ఇప్పించగలరు: చేరిన తేదీ, తండ్రి పేరు, గ్రామం, తాలూకా, వారసుల పేరు, మరణ కారణం. కుటుంబ పింఛను మంజూరై ఉంటే ఆ ఉత్తర్వు నంబరు తెలుపగలరు."

మీకూ ఆయనకూ చుట్టరికం ఏమిటో ఒక వంశవృక్షం గీసి జతచేయండి. 1954-55 ఖాస్రా పహాణీ నకలు తహసీల్దారు ఆఫీసులో తీసుకుంటే పట్టాదారు, తండ్రి పేర్లతో ఒక తరం రుజువవుతుంది. రెండు నెలల్లో ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు, 10 రూపాయల రుసుముతో. వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తే ఆ చట్టం 8(3) సెక్షన్ చూపించండి, 20 ఏళ్లు దాటినవాటికి ఆ సాకు చెల్లదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళితే ఉత్తరం ఏ చిరునామాకు, ఏ పద్ధతిలో రాయాలో చెబుతారు.

నిజాం దళాలవాళ్లకు ఈ దారి పనికిరాదు. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారానికి వెళ్లాలి. సైన్యం, పింఛన్ల ఫైళ్లు ఎక్కువగా ఉర్దూలో, గొలుసుకట్టు రాతలో ఉంటాయి. గుర్తింపు కార్డు, పరిశోధన దేనికో చెప్పే ఉత్తరం, ఉర్దూ చదవగల పెద్దమనిషి, ఈ మూడూ వెంట ఉండాలి. ఫసలీ సంవత్సరం, దళం పేరు ఉర్దూలో రాసుకుని వెళ్లండి, సూచీ వెతకడం తేలికవుతుంది. ఢిల్లీ జాతీయ అభిలేఖాగారం ఫైళ్లు కొన్నింటిని అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైట్‌లో ఇంటినుంచే చూడవచ్చు. సింగపూర్‌లో పట్టుబడ్డాక ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవాళ్ల కాగితాలూ జాతీయ అభిలేఖాగారంలోనే వెతకాలి. వాళ్లు వార్ గ్రేవ్స్ జాబితాలో లేకపోవచ్చు.

ఆయన ఎలా పోయాడో తెలియాలంటే దళం యుద్ధ దినచర్య (వార్ డైరీ) చదవాలి. లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో మొదటి యుద్ధానివి డబ్ల్యూఓ 95 వరసలో, బర్మా వైపువి డబ్ల్యూఓ 172లో ఉన్నాయి. సిపాయి పేరు అందులో రాయరు, "ఇద్దరు పోయారు, ఏడుగురికి గాయాలు" అని ఉంటుంది. మీ దగ్గరున్న తేదీని ఆ పేజీతో కలిపి చూస్తే ఆ రోజు దళం ఎక్కడుందో, వానో ఎండో, తిండి అందిందో లేదో తెలుస్తుంది. మెసపొటేమియాలో గుండు తగిలినవాళ్లతోపాటు రోగాలతో పోయినవాళ్లూ ఎక్కువే. తేదీకి ముందు వారంరోజుల పేజీలు కూడా చదవండి.

పేరే లేకపోతే

లేనంత మాత్రాన పోలేదని కాదు. మొదటి యుద్ధపు మృతుల్లో, ఎక్కువగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టువాళ్లలో, కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 దాకా, పేరుతో గానీ అసలే గానీ స్మరించలేదని కమిషనే 2021 నివేదికలో ఒప్పుకుంది. వీళ్లలో ఫాలోయర్లు, కూలి దళాలవాళ్లు చాలామంది. మీ దగ్గర పతకం, కంచు ఫలకం, పింఛను కాగితం, లాంగ్ రోల్ నకలు ఏదున్నా కమిషన్‌కు పంపి పేరు చేర్చమని అడగవచ్చు. రెండు సంగతులు రుజువు చేయాలి: ఆయన ఆ సైన్యంలో పనిచేశాడని, ఆ తేదీల లోపల చనిపోయాడని. ఇంటికొచ్చాక పోయినవాడైతే సైన్యంలో తగిలిన గాయమో రోగమో కారణమని కూడా చూపాలి. నకళ్లే పంపండి, పతకాన్ని గానీ అసలు కాగితాన్ని గానీ తపాలాలో వేయకండి. జవాబుకు చాలా నెలలు పట్టవచ్చు. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్ల మాటలను ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ, చెప్పినవాళ్ల పేరు, వయసు, చుట్టరికం రాసి దాచండి. తర్వాత ఏ కాగితం దొరికినా పోల్చుకోవడానికి అదే కావాలి.